హవ్రాన్ కొండ మీది చెవి

హవ్రాన్ కొండ మీది గుడి తాళాలు మూడు తరాలుగా అపోలెనా వాళ్ళింట్లోనే ఉండేవి. తాత గంట కొట్టాడు, నాన్న గంట కొట్టాడు, ఆ తర్వాత ఆమె పెళ్ళాడిన తాపీమేస్త్రి హినెక్ కొట్టాడు. యుద్ధం ఆఖరి ఏడాది హినెక్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక గంట కొట్టడం, నేల ఊడవడం, కొవ్వొత్తుల మైనం గీకడం, ఎండాకాలం యాత్రకొచ్చినవాళ్ళ వెనకాల శుభ్రం చెయ్యడం అన్నీ ఆమె ఒక్కదాని మీదే పడ్డాయి. నలభై నాలుగేళ్ళ మనిషి. పిల్లలు లేరు. చేతులు సున్నం నీళ్ళకి పగిలిపోయి ఉండేవి.

ఆ గుడి కట్టించిన మఠాధిపతికి ఐదు అంకె అంటే పిచ్చి. రాజు నదిలో తోయించిన పునీత యాన్ శవం తేలినప్పుడు నీళ్ళ మీద ఐదు చుక్కలు వెలిగాయంటారు కదా, అందుకని గుడిని ఐదు కోణాల చుక్కలా కట్టించాడు. ఐదు తలుపులు, ఐదు బలిపీఠాలు, గుడి చుట్టూ యాత్రికులు తిరిగే వసారాకి ఐదు ద్వారాలు. "మౌనంగా ఉన్నాను" అనే లాటిన్ మాటకి కూడా అక్షరాలు ఐదేనట. కిటికీలన్నీ నాలుక ఆకారంలో ఉంటాయి. గోపురం నడినెత్తిన, మంటల మధ్య, ఎర్రరంగు వేసిన పెద్ద సున్నపు నాలుక ఒకటి కిందికి చూస్తూ ఉంటుంది. రాణి చెప్పుకున్న పాపం ఏమిటో చెప్పమని రాజు ఎంత హింస పెట్టినా విప్పని ఆ యాన్ ఫాదర్ నోటిలోని నాలుక అది. చిన్నప్పుడు అపోలెనాకి దాన్ని చూస్తే కసాయి కొట్లో వేలాడే ఆవు నాలుక గుర్తొచ్చేది. ఆ మాట అమ్మతో అని చెంపదెబ్బ తింది.

ఇంత పకడ్బందీగా కట్టిన మహానుభావుడు ఒకటి చూసుకోలేదు. లేదా చూసుకునే కట్టాడేమో, ఎవరికి తెలుసు. రెండో కోణంలో, ఫాదర్ చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తన పెట్టె ఉన్నచోట, గోడ గుండ్రంగా వంగి పైకి పోతుంది. అక్కడ ఎవరైనా గుసగుసలాడితే ఆ మాట గోపురం వంపు పట్టుకుని పాకి, అవతలి పక్క రెండు కోణాల మధ్య ఉన్న శంఖం లాంటి గూట్లో దిగుతుంది. ఆ గూట్లో గోడకి చెంప ఆనించి నిలబడితే, చెప్పేవాళ్ళు మన భుజం మీద గడ్డం పెట్టి చెబుతున్నట్టే ఉంటుంది. అడుగు ఇటు జరిగితే ఏమీ ఉండదు. గంట కొట్టేవాళ్ళ పిల్లలకి తప్ప ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి తెలీదు. అపోలెనా, ఆమె అన్నా ఆ గూటిని 'చెవి' అని పిలుచుకునేవాళ్ళు. ఖాళీ గుడిలో ఒకళ్ళు పెట్టె దగ్గర, ఒకళ్ళు చెవి దగ్గర నిలబడి బూతుమాటలు చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు. అన్న యుద్ధంలో పోయాడు. ఆ ఆట సంగతి అపోలెనా మర్చేపోయింది.

1952 ఫిబ్రవరిలో పిల్నాచెక్ మాస్టారు వచ్చాడు. బర్నోలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. కొండగుడిని కొలిచి బొమ్మలు గీయమని పైనుంచి కాగితం తెచ్చుకున్నాడు. సారాకొట్టు పై గదిలో దిగాడు. మెత్తటి చేతులు, బూడిదరంగు కోటు, నోట్లో ఎప్పుడూ పుదీనా బిళ్ళ. మొదటిరోజే అపోలెనా చెయ్యందుకుని ముద్దు పెట్టుకున్నాడు. సున్నానికి పగిలిన చెయ్యి అది. ఎవరూ అలా చెయ్యలేదు ఆమెకి, హినెక్‌తో సహా. ఆ రోజంతా ఆమె ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలీనట్టు తిరిగింది.

ఆయన కాపీయింగ్ పెన్సిల్‌తో రాసేవాడు. మొన నాలికతో తడి చేసుకుని రాసే ఊదారంగు పెన్సిల్. అందుకని మాట్లాడినప్పుడల్లా నాలుక ఊదాగా కనిపించేది. మొదట్లో ఆమెకి అది నవ్వొచ్చే సంగతి. గసగసాలు కూరిన బన్నులు చేసి పట్టుకెళ్ళేది. ఆయన తింటూ గుడి గురించి చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఊడుస్తున్న నేల కింద ఇంత అర్థం ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఇది రాయి కాదు అపోలెనమ్మా, వాక్యం," అన్నాడొకరోజు తల పైకెత్తి. "చదవడం వచ్చినవాడికి ప్రతి వంపూ ఒక మాటే. మీకు తెలీకుండా మీరు రోజూ దీన్ని తుడుస్తున్నారు."

"నాకు తెలిసింది మీకు తెలీనిది ఒకటుంది మాస్టారూ," అంది అపోలెనా. ఆ మాట ఎందుకన్నదో ఆమె తర్వాత వందసార్లు ఆలోచించుకుంది. ఆయనకి ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది, అంతే. ఆమె దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది?

ఆయన్ని తీసుకెళ్ళి చెవి దగ్గర నిలబెట్టింది. తను పెట్టె దగ్గరికెళ్ళి, గోడ వైపు తిరిగి, "మాస్టారి కోటు వెనకాల మైనం అంటుకుంది," అని గుసగుసగా చెప్పింది. అవతల ఆయన కోటు వెనక్కి తడుముకోవడం చూసి చిన్నపిల్లలా నవ్వింది.

ఆయన నవ్వలేదు. చాలాసేపు గోడని వేళ్ళతో నిమురుతూ ఉండిపోయాడు. "అద్భుతం," అన్నాడు. "ఇంకెవరికి తెలుసు?"

"నాకూ మీకూ."

"ఫాదర్ గారికి?"

"ఆయనకెందుకు? ఆయనకి ఎదురుగా ఉన్నవాళ్ళు చెప్పేదే సగం వినపడదు."

ఈస్టర్‌కి మూడు వారాల ముందు శనివారం జనం పాపసంకీర్తనానికి వరస కట్టారు. పెట్టెలో ముసలి ఫాదర్ మెథోదెయ్ కూర్చున్నాడు. అలొయిస్ కుబీక్ ఆఖర్న వెళ్ళాడు. ఊళ్ళో ఉమ్మడి వ్యవసాయ సంఘంలో చేరనని మొండికేసిన నలుగురు రైతుల్లో అతనొకడు. అపోలెనా ఆ వేళ మాస్టారికి బన్నులు తెచ్చింది. ఆయన చెవి దగ్గర గోడకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, చేతిలో నోటుబుక్కుతో నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి పెదాల మీద వేలు పెట్టాడు. గోడ వంపు కొలుస్తున్నాడేమో, లెక్క తప్పుతుందేమో అనుకుని ఆమె బన్నులు కింద పెట్టి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున్నే పట్నం నుంచి కుబీక్ ఇంటికి కారొచ్చింది. నలుగురు పోలీసులు దిగారు. ఇల్లు వెతకలేదు, పశువుల కొట్టం వెతకలేదు. తిన్నగా తోట వెనక తేనెపెట్టెల దగ్గరికి పోయి, వరసలో మూడోది మూత తీశారు. అందులో ఈగల్లేవు. చలికాలంలో లెక్కలో చూపకుండా కోసిన పంది మాంసం, పొగబెట్టి గుడ్డల్లో చుట్టినది, ఉంది. కుబీక్‌ని కారెక్కించి తీసుకుపోయారు.

సాయంత్రం కుబీక్ భార్య ఫిలోమేనా అపోలెనా ఇంటికొచ్చింది. ఏడవడం అయిపోయిన మొహం.

"మూడో పెట్టె అని నాకే తెలీదు," అంది. "నాకు చెప్పలేదు. చెబితే నేను నోరు జారతానని. తెలిసింది ఆయనకీ, ఇంకొకళ్ళకీ."

"ఎవరికి అత్తా?"

"ఎవరికా? సర్కారు మాంసం లెక్క కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు మెళ్ళో సిలువ మీద చెయ్యేసి ఇంట్లో మాంసం లేదని ఒట్టు పెట్టాడు మా ఆయన. ఇంట్లో లేదు మరి, తేనెపెట్టెలో ఉంది. అది దొంగ ఒట్టవుతుందా కాదా అని వారం నుంచీ నిద్ర లేదు ఆయనకి. శనివారం వెళ్ళి ఫాదర్ గారిని అడిగొచ్చాడు. వచ్చి హాయిగా పడుకున్నాడు." ఫిలోమేనా బల్ల మీద చేతులు బోర్లా పెట్టింది. "పడుకున్నాడు, అపోలెనా. గురక పెట్టాడు. ఆ ముసలి పాము నోట్లో తల పెట్టొచ్చి గురక పెట్టాడు."

"ఫాదర్ గారు అలాంటివారు కాదు."

"అయితే మూడో పెట్టె వాళ్ళకి ఈగలొచ్చి చెప్పాయా?"

ఆ తర్వాత, ఫిలోమేనా వెళ్ళిపోయి, పొయ్యి మీద బంగాళాదుంపల చారు మాడిపోతున్న వాసన అపోలెనా ముక్కుకి తగిలినప్పుడు, జవాబు దానంతటదే వచ్చింది. గోడకానిన చెంప. పెదాల మీద వేలు. ఆమె గిన్నె దింపలేదు. చారు నల్లగా మాడేదాకా అలాగే నిలబడింది.

అయినా నమ్మబుద్ధి కాలేదు. చిన్నప్పటి ఆట అది. అంత స్పష్టంగా, మాటకి మాట వినపడుతుందా? తర్వాతి శనివారం మాస్టారు కాగితాలు కొనుక్కోవాలని పట్నం వెళ్ళాడు. ఊళ్ళో అప్పటికే ఫాదర్ గారి మీద గుసగుసలు ముదిరాయి, పాపసంకీర్తనానికి వచ్చింది నలుగురే. నాలుగోది రొజాలియా ముసలమ్మ. అపోలెనా చీపురు పట్టుకుని చెవి దగ్గరికి వెళ్ళి, గోడకి చెంప ఆనించింది.

రొజాలియా గొంతు ఆమె చెవిలోనే పుట్టినట్టు వచ్చింది. కోడలి చారులో మూడుసార్లు ఉమ్మానని చెబుతోంది ముసలమ్మ. కోడలు అది తాగి బాగుందని అందట. ఫాదర్ గారు ఏదో అడిగాడు. ముసలమ్మ ఇంకేదో మొదలుపెట్టింది, మొగుడు బతికున్న రోజుల్లోది, తన చెల్లెలికి సంబంధించినది.

అపోలెనాకి తెలుసుకోవాల్సింది మొదటి మాటకే తెలిసిపోయింది. అప్పుడే గోడ వదిలి రావాల్సింది. రాలేదు. చెల్లెలి సంగతి ఆఖరిదాకా విన్నది. వింటున్నంతసేపూ ఒళ్ళంతా ఒకరకమైన వెచ్చదనం, దొంగతనంగా మీగడ నాకుతున్నట్టు. ముసలమ్మ లేచాకే చెంప గోడ నుంచి ఊడివచ్చింది. బయటికెళ్ళి వసారా వెనక, మంచు కరిగి బురదగా ఉన్నచోట, పొద్దున తిన్న రొట్టె అంతా కక్కేసింది. నోరు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. చెంప కూడా కడుక్కుంది.

ఆ వారమంతా ఫాదర్ మెథోదెయ్ వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళు ఆయన అడుగుల్లో ఉమ్మారు. ఎవరో ఆయన కోళ్ళగూడు తలుపుకి పేడ పూశారు. ఆయన దాన్ని గరిటెతో గీకుతుంటే అపోలెనా చూసింది.

"ఫాదర్ గారూ, మీరు చెప్పొచ్చు కదా, నేను కాదని."

ఆయన గీకుతూనే ఉన్నాడు. "ఏది నేను కాదని?"

"కుబీక్ మావ సంగతి."

"కుబీక్ ఏ సంగతీ నాకు తెలీదు," అన్నాడు. "ఆ బకెట్ ఇలా ఇయ్యి."

ఎంత అమాయకంగా అన్నాడంటే ఒక్క క్షణం ఆమెకే అనుమానమొచ్చింది, నిజంగా తెలీదేమోనని. కుబీక్ తన దగ్గరికి వచ్చినట్టు కూడా ఆయన ఒప్పుకోడు. పెట్టెలో విన్నది ప్రాణం పోయినా బయటపెట్టకూడదు కనక ఒప్పుకోకూడదు. ఈ ముసలాయన్ని ఊరంతా కలిసి పేడలో ముంచినా అలాగే ఉంటాడని ఆమెకి అర్థమైంది, అర్థమై ఒళ్ళు మండింది.

ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం, దాని ముందు శనివారం ఒక్కరూ రాలేదు. ఫాదర్ గారు గంటసేపు పెట్టెలో కూర్చుని, లేచి, వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. మాస్టారు మాత్రం చెవి దగ్గర తన చోట్లో ఉన్నాడు. కిటికీ నాలుకల్లోంచి మధ్యాహ్నపు వెలుగు నేల మీద పడుతోంది. అపోలెనా పాపులు మోకరిల్లేచోట మోకరిల్లి, నోరు పెట్టె కిటికీ జాలీకి దగ్గరగా పెట్టింది.

"మాస్టారూ, వినపడుతోందా?"

ముందు ఊపిరి తీసిన చప్పుడు, పుదీనా బిళ్ళ పళ్ళకి తగిలిన చప్పుడు. అంత దూరం నుంచి అంత దగ్గరగా.

"వినపడుతోంది అపోలెనమ్మా."

"తేనెపెట్టె సంగతి మీరే చెప్పారు."

"నేను కొలతలు తీసుకుంటున్నాను. చెవిలో పడింది. చెవికి మూత ఉండదు కదా."

"చెవిలో పడింది నోట్లోకెలా వచ్చింది?"

"పట్నం వాళ్ళు అడిగారు," అన్నాడు. "నా కూతురు వైద్యం చదువుతోంది. ఇంకా రెండేళ్ళు. మా మావగారికి ఒకప్పుడు మిల్లు ఉండేదని వాళ్ళకి తెలుసు, ఆమె చదువు ఆపించడానికి అదొక్కటి చాలు. మర్యాదగానే అడిగారు. అలా అడిగితే మీరేం చేసేవారు? నాకేమీ సంతోషం లేదు ఇందులో. ఆ రైతెవరో నాకు మొహం కూడా తెలీదు."

"ఆయనకి మొహం ఉంది."

"ఉంటుంది. చూడండి, ఈ చోటు ఎలా తెలిసిందని వాళ్ళు అడిగారు. నేను మీ పేరు చెప్పలేదు. నా అంతట నేనే లెక్క కట్టి కనుక్కున్నానని చెప్పాను. మీ కోసం."

అపోలెనా జాలీ పట్టుకుంది. ఆ గొంతు వెచ్చగా మెడ మీద పాకుతున్నట్టుంది, తోసేద్దామంటే అక్కడ ఏమీ లేదు.

"ఒక చిన్న సాయం చెయ్యాలి," అన్నాడాయన ఇంకా మెల్లగా. "ఎవరూ రావడం లేదు. వచ్చే వారం ఒకళ్ళిద్దర్ని పంపండి. ముసలివాళ్ళైనా ఫరవాలేదు, వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు, ఎవరికీ నష్టం లేదు. ఏదో ఒకటి రాసివ్వాలి నేను. లేకపోతే ఇక్కడ పని లేదని వెనక్కి పిలిచేస్తారు. బొమ్మలు సగంలో ఉన్నాయి. గోపురం ఇంకా మొదలే పెట్టలేదు. మీకు తెలుసుగా, ఇది నా జీవితంలో..."

ఆమె లేచింది. గుడి మధ్యలోంచి, నాలుక కిందుగా నడిచి ఆయన ముందు నిలబడింది. ఆయన అప్పుడే గోడ వదిలాడు. చెంప మీద గోడ గరుకు ఎర్రగా అచ్చుపడింది. అలవాటుగా ఆమె చెయ్యందుకోబోయాడు. ఆమె రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది.

"నీ నాలుక ఊదాగా ఉంది," అంది. "తుడుచుకో."

ఆయన నిజంగానే జేబురుమాలు తీసి నాలుక తుడుచుకున్నాడు. ఏం చేస్తున్నాడో తెలిసే సరికి రుమాలు చేతిలో ఉంది. ఏడుపు మొహంతో దాన్ని మడత పెట్టుకున్నాడు. ఆయన మీద అప్పుడు ఆమెకి జాలి కలగాల్సింది. కలగలేదు. పెరుగులో పురుగు కనిపించినప్పుడు పురుగు మీద జాలి కలుగుతుందా?

ఇంటికెళ్ళి హినెక్ సుత్తి తెచ్చింది, ఒక పక్క మొనగా ఉండేది. మాస్టారు ఇంకా అక్కడే, పెన్సిళ్ళు పెట్టెలో సర్దుకుంటున్నాడు. ఆమె శంఖం వంపులోకి చెయ్యి చాపి మొదటి దెబ్బ వేసింది. పాత సున్నం పెళ్ళలుగా రాలింది.

"ఏం చేస్తున్నారు," అన్నాడు మాస్టారు. రెండో దెబ్బకి గొంతు పెరిగింది. "ఆపండి. ఆపు. రెండు వందల ఏళ్ళ పని అది, నీకేం తెలుసు, ఆ వంపు మళ్ళీ ఎవడూ చెయ్యలేడు..." ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాడు. కుబీక్ మాట చెప్పినప్పుడు ఈ గొంతు ఒక్క మెట్టు కూడా పైకి లేవలేదు. ఆమె విదిలించుకుని కొడుతూనే ఉంది. మెత్తగా, నున్నగా ఉన్నదంతా గుంటలు పడేదాకా, సున్నం వెనక ఇటుక కనబడేదాకా కొట్టింది. కళ్ళల్లో, నోట్లో దుమ్ము. తను ముప్ఫై ఏళ్ళు తుడిచిన గోడే. కొడుతుంటే ఏడుపొచ్చింది, అయినా చెయ్యి ఆగలేదు.

చప్పుడుకి ఫాదర్ మెథోదెయ్ వెనక గదిలోంచి వచ్చాడు. గోడ చూశాడు, ఎదురుగా ఉన్న పెట్టె వైపు చూశాడు, మాస్టారిని చూశాడు. మొహంలోంచి రక్తం మెల్లగా దిగిపోయింది. "నేల ఊడ్చెయ్యి," అన్నాడు అపోలెనాతో. "రేపు జనమొస్తారు."

జనమొచ్చారు. ఫాదర్ గారి దగ్గర పాపాలు చెప్పుకోరు కానీ మట్టల ఆదివారం మొగ్గలున్న కొమ్మలు దీవింపజేసుకోకుండా ఉండరు. పూజ అయ్యాక అందరూ కొమ్మలు పట్టుకుని గుడి ముందు మెట్ల మీదికి వచ్చినప్పుడు అపోలెనా వాళ్ళకి అడ్డంగా నిలబడింది. ఎప్పుడూ పదిమందిలో నోరెత్తని మనిషి. చెప్పాల్సింది రాత్రంతా కూడబలుక్కుంది.

"కుబీక్ మావని పట్టించింది ఫాదర్ గారు కాదు," అంది. "ఆ డ్రాయింగు మాస్టారు. పెట్టెలో చెప్పే మాట గుడిలో ఒకచోట వినపడుతుంది. అక్కడ నిలబడి విన్నాడు. ఆ చోటు ఆయనకి చూపించింది నేను. తప్పు నాది. ఆ చోటు నిన్న పగలగొట్టాను. వెళ్ళి చూసుకోండి."

ఫిలోమేనా ముందుకొచ్చింది. ఫాదర్ గారి వైపు చూడలేదు, మాస్టారు ఎక్కడని అడగలేదు.

"నీకెప్పటి నుంచి తెలుసు, వినపడుతుందని?"

"చిన్నప్పటి నుంచీ."

ఆ మాట పడ్డాక అపోలెనాకి వాళ్ళ ఆలోచనలు వినపడ్డాయి. ఒక్కొక్కళ్ళూ లెక్క వేసుకుంటున్నారు. పది ఏళ్ళు, ఇరవై ఏళ్ళు, ఆ పెట్టెలో తాము చెప్పుకున్నవన్నీ, అప్పుడు ఈమె చీపురు పట్టుకుని ఎక్కడుందో.

"అంటే ఇన్నాళ్ళూ మావన్నీ వింటూ కూర్చున్నావు," అంది ఫిలోమేనా.

"లేదు. నేనెప్పుడూ..." అంది అపోలెనా. గుంపులో రొజాలియా ముసలమ్మ కళ్ళు కలిశాయి. వాక్యం అక్కడే ఆగిపోయింది. అలా ఆగడం అందరూ చూశారు.

"ఊరు ఊరంతా దీని ముందు బట్టలిప్పి నిలబడ్డాం," అన్నారెవరో వెనక నుంచి. "పైగా మనింటికొచ్చి చారు తాగిపోయేది."

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మెట్లు దిగేటప్పుడు ఆమె పక్క నుంచి పోకుండా చుట్టూ తిరిగి పోయారు, రోడ్డు మీద చచ్చిన ఎలుకని తప్పించుకున్నట్టు. వాళ్ళ మొహాల్లో ఉన్నది కోపమైతే ఆమె భరించేదే.

ప్రజల సాంస్కృతిక సంపదని పాడుచేసిందని మాస్టారు మంచి దస్తూరీతో ఫిర్యాదు రాశాడు. తాళాలు తీసేసుకున్నారు, అపోలెనాని సంఘం పశువుల కొట్టంలో పేడ ఎత్తే పనికి పంపారు. ఫాదర్ మెథోదెయ్‌ని జనంలో అలజడి రేపాడని సరిహద్దు పక్క, యుద్ధమయ్యాక జర్మన్లని పంపేశాక సగం ఇళ్ళు ఖాళీగా పడి ఉన్న ఊరికి మార్చారు. మాస్టారు ఇంకో నెలన్నర ఉండి గోపురం బొమ్మ పూర్తి చేసుకుని వెళ్ళాడు. సారాకొట్లో జనం ఆయన పక్కన కూర్చోవడం మానేశారు, అంతే. ఎదురుపడితే టోపీ తీసేవాళ్ళు. అది చూసిన రోజు అపోలెనా పేడ చేతులతోనే తలుపేసుకుంది. రొజాలియా ముసలమ్మ ఒకసారి చారు గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. క్షమించిందో, ఇంకేమైనానో తెలీదు. అపోలెనా దాన్ని పందులకి పోసింది.

కుబీక్ పద్దెనిమిది నెలలకి జైలు నుంచి తిరిగొచ్చాడు. ముందుపళ్ళు లేవు. కొట్టంలో అపోలెనా ఒక్కతీ ఉండగా వచ్చి, టోపీ చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. ఆమె చెప్పబోయింది, అతను ఆపాడు.

"అది సరేలే. ఫిలోమేనా చెప్పింది. నేను అడగొచ్చింది వేరు." గొంతు తగ్గించాడు. "ఆ రోజు నేను మాంసం సంగతొక్కటే చెప్పలేదు. ఇంకోటి కూడా చెప్పాను. అది విన్నాడా వాడు?"

"నాకు తెలీదు మావా."

"నువ్వు విన్నావా?"

"లేదు. ఒట్టు."

అతను ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. పద్దెనిమిది నెలలు లోపల కూర్చుని మనిషి ఆలోచించింది ఇదన్నమాట. "సరే," అన్నాడు. నమ్మలేదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత అతను ఆమెకి ఎదురుపడితే సందు మారి పోయేవాడు.

మరుసటి సెప్టెంబర్లో అపోలెనా సెలవు అడిగి, రెండు బస్సులు మారి ఫాదర్ మెథోదెయ్ ఉన్న ఊరికి వెళ్ళింది. ఈ రెండున్నరేళ్ళూ ఆమె పాపసంకీర్తనానికి వెళ్ళలేదు. పక్క ఊరి గుడిలో రెండుసార్లు ప్రయత్నించింది. జాలీకి నోరు దగ్గర పెట్టేసరికి పుదీనా వాసన కొట్టినట్టై లేచొచ్చేసింది. ఆ ఫాదర్ నోట్లో ఏ బిళ్ళా లేదు, ఆమెకి తెలుసు.

ఆయన చర్చి వెనక దొడ్లో బంగాళాదుంపలు తవ్వుతున్నాడు. ఇంకా ముసలివాడయ్యాడు, నడుము వంగిపోయింది. ఆమెని చూసి పార ఆపలేదు.

"వచ్చావా. ఆ బుట్ట పట్టుకో."

"ఫాదర్ గారూ, నేను చెప్పుకోవాలి. పెట్టెలో నా వల్ల కాదు."

ఆయన చుట్టూ చూశాడు. ఖాళీ ఇళ్ళు, పడిపోయిన కంచె, అవతల బీడు. గాలి గట్టిగా వీస్తోంది. "ఇక్కడ ఏం తక్కువైంది," అన్నాడు. "ఏరుతూ చెప్పు."

ఆమె మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని దుంపలు ఏరుతూ చెప్పింది. బన్నుల సంగతి, చెయ్యి ముద్దు పెట్టుకున్న సంగతి, చెవి చూపించిన సంగతి. రొజాలియా దగ్గరికొచ్చేసరికి ఆగింది, మళ్ళీ చెప్పింది. అవసరమైనదాని కంటే ఎక్కువసేపు విన్నానని, బాగుందనిపించిందని చెప్పింది. చేతికి తగిలిన దుంప ఒకటి కుళ్ళిపోయి వేళ్ళ మధ్య చితికింది. ఆ కంపుకి ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. ఆయన పారతో దాన్ని దూరంగా విసిరాడు.

"ఇంకా?"

"అందరి మీదా అసహ్యం ఫాదర్ గారూ. వాడి మీద, ఊరి మీద. కుబీక్ మావ మీద కూడా. మీ మీద కూడా, నోరు విప్పలేదని. పొద్దున లేస్తే నా మీద."

ఫాదర్ మెథోదెయ్ పార మీద ఆనుకున్నాడు. తన గురించి ఏదైనా అంటాడేమోనని ఆమె చూసింది. ఆయన మట్టి చెయ్యి ఎత్తి, సిలువ గుర్తు వేసి, పాపక్షమాపణకి లాటిన్‌లో చెప్పాల్సిందంతా తొందరపడకుండా చెప్పాడు. గాలికి సగం మాటలు ఆమెకే వినపడలేదు.

"ప్రాయశ్చిత్తం?" అని అడిగింది.

"ఊళ్ళో ఎవరింట్లో చారు పెట్టినా తాగు," అన్నాడు. "పారబొయ్యకు. బస్సు ఐదింటికి. ఇంకా రెండు సాళ్ళున్నాయి."

చారు పందులకి పోసిన సంగతి తను చెప్పనేలేదని ఆమెకి తట్టింది. అడగబోయి, ఎవరొచ్చి చెప్పుకున్నారో ఆయన నోట రాదని గుర్తొచ్చి మానుకుంది. ఇద్దరూ తర్వాతి సాలు మొదలుపెట్టారు. ఆయన తవ్వుతుంటే ఆమె ఏరింది. బస్తా నిండాక చెరో మూలా పట్టుకుని షెడ్డుదాకా ఈడ్చారు.